ఆడకుండా గెలిచిన మా బావ

మా అక్క వాళ్ల ముందుగదిలో అద్దాల బీరువా ఒకటి ఉంది. అందులో నాలుగు ఛాంపియన్ పతకాలు, రెండు బుల్లి కప్పులు రిబ్బన్లతో సహా తళతళలాడుతుంటాయి. చూసినవాళ్లంతా మా బావ ఎంతటి ఆటగాడో అనుకుంటారు. అనుకోనివ్వండి, నా సొమ్మేం పోయింది! అసలు సంగతేమిటంటే, ఆయన పదమూడేళ్లు ఒక పేరున్న ఫుట్‌బాల్ క్లబ్బులో రెండో గోల్‌కీపర్. లీగ్ మ్యాచుల్లో ఒక్క నిమిషం ఆడిన పాపాన పోలేదు. కప్పు గెలిస్తే జట్టులో ఉన్న ప్రతివాడికీ పతకం ఇవ్వాలని లీగ్ నియమం. అందుకని ఆడినవాళ్లకీ ఇచ్చారు, కూర్చున్నవాడికీ ఇచ్చారు.

"ఇవన్నీ మీవేనా?" అని ఎవరైనా నోరు తెరిస్తే బావ తల దించుకుని, "అవి జట్టువండీ" అనేవాడు. అక్క మాత్రం ప్రతి ఆదివారం వాటిని తుడిచేది. "ఈయనగారు కూర్చుని తెచ్చారు, నేను నిలబడి తుడుస్తున్నా" అని సణిగేది.

నాది సెలూను, క్లబ్బు స్టేడియానికి సరిగ్గా ఎదురుగా. గడ్డం గీయించుకోవడానికి వచ్చే ప్రతివాడూ ఆ జట్టు అభిమానే. బావకి వాళ్లు పెట్టిన పేరు 'బెంచీ'. "ఏమయ్యా, మీ బెంచీ బావకి ఈ ఏడైనా కొత్త దిండు వేయించారా?" అని అడిగేవాళ్లు, అదీ గొంతు నా కత్తి కింద పెట్టి! నవ్వేసి ఊరుకునేవాణ్ణి. నిజం చెప్పాలంటే నేనూ బావని అదే మాటతో ఏడిపించేవాణ్ణి. అది బావమరిదిగా నా హక్కు, వాళ్లకేం హక్కుందని?

మొదటి గోల్‌కీపర్‌ని అందరూ 'గోడ' అనేవారు. పేరుకు తగ్గవాడే. ఏడాది మొత్తంలో ఎక్కువ మ్యాచుల్లో గోల్ పడనివ్వని కీపర్‌కి లీగ్ వాళ్లు బంగారు గ్లౌజు ఇస్తారు. అది ఎక్కడ చేజారిపోతుందోనని గోడ జ్వరమొచ్చినా సరే మాత్ర మింగి వచ్చి నిలబడేవాడు. ఇక మా బావకి సందెక్కడిది? మొదటి జట్టు అసలు మైదానంలో సాధన చేస్తుంటే, ఆయన వెనకాల కార్లు పెట్టే చోటు పక్కనున్న ఖాళీ స్థలంలో దూకేవాడు. అక్కడ గోల్ స్తంభాలైతే పాతారు కానీ నేల మీద గీతలు గీయలేదు. రెండోవాడి కోసం సున్నమెందుకు దండగ అనుకున్నారు.

పదమూడో ఏటి సీజనుతో బావ ఆటకి సెలవు. ఒక మధ్యాహ్నం నా కుర్చీలో కూర్చున్నాడు. మొహమంతా సబ్బు నురగ.

"ఒరేయ్, ఒక్క మ్యాచ్ రా. పది నిమిషాలైనా చాలు. ఆడానని చెప్పుకోవాలి కదరా" అన్నాడు.

వేళాకోళం ఆడబోయి ఆగిపోయాను. అద్దంలో ఆయన కళ్లు చూసి కత్తి పక్కన పెట్టాను.

ఆఖరి మ్యాచ్‌లో దింపుతానని కోచ్ మాటిచ్చాడు. బావ ఇంటికొచ్చి కొత్త గ్లౌజులు తీసి, తొడుక్కుని, విప్పి, మళ్లీ తొడుక్కున్నాడట. అన్నం కూడా వాటితోనే తింటారేమో అనుకున్నానంది అక్క.

సరిగ్గా అప్పుడే లీగ్ వాళ్లకి ఒక బుద్ధి పుట్టింది. రిటైరయ్యే ఆటగాళ్లలో ఎక్కువ ఏళ్లు తప్పాటకి రెఫరీ చూపించే పసుపు కార్డూ, ఎరుపు కార్డూ ఒక్కటీ చూడకుండా గడిపినవాడికి సత్ప్రవర్తన పతకం ఇస్తారట. కంప్యూటర్‌లో వెతికారు. మా బావ పేరు వచ్చింది. రాదూ మరి! ఆడితే కదా కార్డు! మూగవాడు ఎన్నడూ అబద్ధమాడలేదని శాలువా కప్పినట్టుంది.

అక్కడితో పోయినా బాగుండేది. ఆ ఏడు మన జట్టు ఛాంపియన్ ఆశలు ఎప్పుడో గంగలో కలిశాయి. మిగిలిందల్లా తక్కువ కార్డులు తెచ్చుకున్న జట్టుకిచ్చే మర్యాద కప్పు ఒక్కటే. గోరంత తేడాతో అందులో మనవాళ్లే ముందున్నారు. గెలవడం రానివాళ్లకి మర్యాదైనా ఉండాలి కదా అని క్లబ్బు మేనేజరు దానికోసం ప్రాణం పెట్టాడు. బావని గదికి పిలిపించాడు.

"చూడండి, మీరు దిగితే ఏదో ఒకటవుతుంది. మీ పతకమూ పోతుంది, మా కప్పూ పోతుంది. మచ్చలేని చరిత్ర మీది. చేజేతులా పాడుచేసుకుంటారా?"

"మట్టే అంటలేదు, మచ్చెక్కణ్ణించి వస్తుంది సార్?" అన్నాడు బావ.

మాట బాగానే ఉంది, ఫలితమే లేదు. కోచ్ కూడా నేల చూపులు చూశాడు. గోడే ఆడతాడన్నారు. విన్నప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. ఇచ్చిన మాటకి సున్నం పాటి విలువ కూడా లేదా?

అక్క ఎన్నడూ స్టేడియంలో అడుగుపెట్టలేదు. "మీరు ఆడేరోజు చెప్పండి, వస్తా. కూర్చోవడమైతే ఇంట్లో రోజూ చూస్తూనే ఉన్నా" అనేది. ఆ రోజు మ్యాచ్ అయ్యాక పతకం ఇస్తారని క్లబ్బు వాళ్లు టికెట్ పంపితే వచ్చి నా పక్కన కూర్చుంది.

రెండో సగంలో గోడ దూకి పడ్డాడు. చీలమండ మెలికపడింది, లేవలేకపోయాడు. కోచ్ బెంచీ వైపు తిరిగాడు. బావ అప్పటికే లేచి నిలబడి గ్లౌజులు బిగిస్తున్నాడు. "బెంచీ! బెంచీ!" అని జనం ఒకటే గోల. ముందు అది వెక్కిరింతే. ఆయన పక్కకి దూకి మొదటి బంతిని పట్టేసరికి ఆ అరుపే మారిపోయింది.

అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఒరేయ్, బాగానే ఆడుతున్నారు కదరా! మరి ఇన్నేళ్లూ ఎందుకు కూర్చోబెట్టారు?"

అక్క చేతిమీద చెయ్యి వేసి మైదానం వైపే చూశాను.

కాసేపటికి అవతలి ఆటగాడొకడు ఒంటరిగా దూసుకొచ్చాడు. వాడి ముందుకి బంతి ఎత్తుగా పడబోతోంది. బావ పరుగెత్తుకెళ్లి, గాల్లోకి లేచి, రెండు చేతులా బంతిని గుండెకి హత్తుకుని కిందపడ్డాడు. అబ్బ, ఏం పట్టు! గోడ జన్మలో అలాంటిది పట్టలేదు. గోల్‌కీపర్ చేత్తో బంతి ముట్టొచ్చు, కాకపోతే గోల్ ముందు తెల్లగీతతో గీసిన పెట్టె లోపలే. బావ ఆ గీత దాటి బయట పడి ఉన్నాడు. జీవితమంతా గీతల్లేని నేల మీద దూకినవాడికి గీత ఎక్కడుందో కాళ్లకేం తెలుస్తుంది? సున్నం మిగుల్చుకున్నారుగా, అనుభవించండి అనుకున్నాను.

ఖాయంగా పడే గోల్‌ని అలా ఆపితే ఎరుపు కార్డే, మైదానం వదలాల్సిందే. రెఫరీ తీసి చూపించాడు. సత్ప్రవర్తన పతకం పోయింది. మర్యాద కప్పు పక్క జట్టుకి పోయింది. వేదిక పక్కన లీగ్ అధ్యక్షుడు తన ఉపన్యాసం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

బావ తలెత్తుకుని బయటికి నడిచాడు. మొహం నిండా మట్టి, నోటి నిండా నవ్వు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపు ఆగలేదు, సిగ్గులేకుండా ఏడ్చాను.

నేనూ అక్కా దిగి బావ దగ్గరికి వెళ్లేసరికి, లోపల వసారాలో మేనేజరు ఆయనకి ఎదురొచ్చి, "ఇన్నేళ్లు బుద్ధిగా కూర్చున్నారు కదా, బయటికి పరుగెత్తకపోతే ఏం కొంప మునిగేది?" అని విరుచుకుపడ్డాడు.

బావ గ్లౌజులు విప్పుకుంటున్నాడు. జవాబిచ్చింది అక్క. "అంత సుఖమైతే ఆ బెంచీ ఖాళీగానే ఉంది, వెళ్లి మీరు కూర్చోండి సార్" అంది.

ఇంటికెళ్లగానే అక్క ఆ గ్లౌజులు ఉతకబోతే బావ లాక్కున్నాడు. ఇప్పుడవి అద్దాల బీరువాలో, పతకాలకి ముందు, గడ్డి మరకలతో, ఎండిన మట్టితో ఉన్నాయి. మొన్న కరెంటు మీటరు చూడ్డానికొచ్చినతను వాటిని చూసి ఆగిపోయాడు.

"ఇవన్నీ మీవేనా?"

"అవి జట్టువండీ" అన్నాడు బావ పతకాలు చూపించి. తర్వాత అద్దం మీద వేలు పెట్టి, "ఇవి మాత్రం నావి" అన్నాడు.

అక్క ఇప్పటికీ ప్రతి ఆదివారం పతకాలు తుడుస్తుంది. గ్లౌజుల మీద మాత్రం గుడ్డ పడనివ్వదు.