మగ్గం మీద ఆగిపోయిన చీర

కరోనా మా ఇంట్లోకి ఎలా వచ్చిందని అడిగితే, మగ్గం మీద పోగు మోస్తూ అటూ ఇటూ పరిగెత్తే నాడెను చూపిస్తాను. బండారులంకలో మాది నేత ఇల్లు. నాడెలో కొత్తగా నూలు చుట్టిన కండె పెట్టినప్పుడల్లా, పక్కనున్న చిన్న కన్నానికి నోరు పెట్టి గట్టిగా పీల్చాలి. అప్పుడే పోగు కొస బయటికొస్తుంది. చీర నేసేది నేనైనా, కండె పెట్టి, పీల్చి, నాడె నా చేతికందించేది మా ఆయన. పోగు తెగితే మళ్ళీ నేను పీల్చేదాన్ని.

ఆయనకి జ్వరం రాగానే పక్క గదిలోకి మార్చాం. కంచం వేరు, గ్లాసు వేరు, తువ్వాలు వేరు. అత్తగారు ఆయన తిన్న కంచం మీద మరిగే నీళ్ళు పోసేవారు. ఊరికే కూర్చోలేక ఆయన ఆ గదిలోంచే నాడెలు సిద్ధం చేసి కిటికీలోంచి అందిస్తూనే ఉన్నారు. నేను అందుకుంటూనే ఉన్నాను. ఇంత శుభ్రం పాటించిన ఇంట్లో నాడె సంగతి ఒక్కరికీ తట్టలేదు!

ఆయన తొందరగానే లేచి రొయ్యల ఇగురు అడిగారు. నాకు జ్వరం పోయింది గానీ ఊపిరి తిరిగి రాలేదు. పెరట్లో నూతి దాకా వెళితే గట్టు మీద కూలబడేదాన్ని. నెలలు గడిచినా దగ్గు వదల్లేదు. మగ్గం మీద మామిడిచిగురు రంగు చీర సగంలో ఆగిపోయింది. మా నేతవాళ్ళలో ఒకరు మొదలుపెట్టిన చీర మరొకరు నెయ్యరు. చేతి దెబ్బ మారితే బట్టలో తెలిసిపోతుంది. కోసేసి కొత్త పడుగు పోగులు ఎక్కించుకోమని చుట్టాలంతా చెప్పారు. మా ఆయన మాత్రం దాని మీద పాత పంచె కప్పి ఊరుకున్నారు. ఆ పంచె చూసినప్పుడల్లా నాకు భయం వేసేది. అది తీసేది నేనేనా, నా తరవాత ఇంకెవరైనానా అని.

అమలాపురంలో డాక్టరుగారు స్కానింగ్ చూసి, "జబ్బు ఎప్పుడో పోయిందమ్మా. దాంతో పోరాడ్డానికి నీ ఒంట్లోంచి వచ్చిన కణాలే ఇంకా ఊపిరితిత్తుల్లోంచి కదల్లేదు. శత్రువు ఉన్నాడనే అనుకుంటన్నాయి" అన్నారు.

"ఎప్పటికి వెళ్తాయండీ?"

"చెప్పలేనమ్మా. చాలామందికి నెమ్మదిగా సర్దుకుంటాది. నాడె పీల్చడం మాత్రం మానెయ్యాలి. నూలు దుమ్ము నీకు పడదు."

"ఆయ్" అన్నాను.

తిరిగొచ్చే బస్సులో డాక్టరుగారి మాటే తలుచుకున్నాను. ఇన్నాళ్ళూ నన్ను పీడిస్తున్నది పరాయిదనుకున్నాను. తీరా చూస్తే నా ఒంటి కణాలే! నేను పిలవలేదు, ఉన్నాయని కూడా ఎరగను. నేను నిద్రపోతున్నా, ఏడుస్తున్నా, వాటిని తిట్టుకుంటున్నా కాపలా మానలేదు. కోపం రావాల్సింది, రాలేదు. ఇంత జరుగుతున్న ఒంటిని నాది అనుకుంటూ తిరిగానే అని ఆశ్చర్యపోయాను. వాటికి దణ్ణం పెట్టి, ఇక చాలు, వెళ్ళండి తల్లీ అని బతిమాలాలనిపించింది.

వానాకాలం వెళ్ళాక ఒక ఉదయం పంచె నేనే తీశాను. మా ఆయన సన్నటి తీగ కొస వంచి, పోగు లాగడానికి కొక్కెం చేసిచ్చారు. నాలుగు పోగులు వేసి ఆగేదాన్ని, రొప్పేదాన్ని. "మగ్గానికి కాళ్ళొచ్చి పారిపోద్దా ఏంటి, దిగవే!" అని అత్తగారు కసిరేవారు. దిగేదాన్ని, మర్నాడు మళ్ళీ ఎక్కేదాన్ని.

చీర పూర్తయ్యాక వీధరుగు మీద ఇద్దరం చెరో కొసా పట్టుకుని వెలుతురుకి ఎత్తాం. నేను ఆగి మళ్ళీ మొదలుపెట్టిన చోట నేత పల్చగా, వంకరగా ఉంది. అక్కణ్ణించి రానురాను చిక్కబడుతూ పోయింది. పైట చెంగు దగ్గరికొచ్చేసరికి నా పాత చెయ్యే. ఊపిరి తిరిగి రావడం కళ్ళతో చూస్తానని నేనెప్పుడూ అనుకోలేదు.

మా ఆయన పల్చటి చోట వేలు పెట్టారు. "ఇక్కడ నీ దగ్గు వినలేక వీధిలోకి పోయేవోణ్ణి" అన్నారు. వేలు మెల్లగా చిక్కటి నేత దాకా జరిపారు. "ఇక్కడికొచ్చేసరికి దగ్గు వినపళ్ళేదు. భయమేసి లోపలికొచ్చి చూసేను, ఉన్నావా అని."