కాకినాడ పడవల మా బాపు, సత్తిబాబు మామ

నేను చిన్నగున్నప్పుడు... కోరుట్ల బస్టాండు ముంగట నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, అందరం ఆడనే వండుకొని తిన్నం. తెలంగాణ కోసం వంటావార్పు. నేనప్పుడు ఆరో తరగతి. రోడ్డు మీద సక్లంముక్లం కూసొని పప్పన్నం తింటుంటె, దుబాయి నుంచి సుట్టి మీద అచ్చిన బాపు అన్నడు...

“బడి ఎట్లాగు బందే ఉన్నది. సముద్రం సూపిస్త, పోదామా బిడ్డా?”

మాది కథలాపూర్ దగ్గర ఊరు. మాకు నీళ్ళంటె బాయి, మోటరు... గంతే. సముద్రం టీవీల సూసుడే.

కాకినాడల బాపు దోస్తు ఉండె, సత్తిబాబు మామ. దుబాయిల ఇద్దరిది ఒక్కటే రూము. పైమంచం ఆయనది, కిందిమంచం బాపుది. ఒక్క కుక్కర్ల అన్నం. బాపుకు కామెర్లయితే గంజి కాసి తాగిపిచ్చింది గాయినే. బాపును “బావా” అంటుండె, అందుకే నాకు మామ అయిండు. అప్పుడు ఆయన గూడ సుట్టి మీద ఇంటికాడనే ఉన్నడు. “పిల్లని తీసుకురా బావా, పడవలో డాల్ఫిన్లను చూపిద్దాం” అని ఫోన్ల ఒకటే పోరు.

అమ్మకు భయం. “గీ లొల్లిల ఆంధ్రకు పోవుడెందుకు?” అన్నది.

“ఆంధ్రకు గాదు... సత్తిబాబు ఇంటికి పోతున్నం” అన్నడు బాపు.

సకినాల డబ్బ పట్టుకొని అమ్మ, బాపు, నేను కాజీపేటల రైలెక్కినం. కాకినాడల దిగంగనే మామ ఉరికచ్చి బాపును గట్టిగ కావలించుకున్నడు. ఇంట్ల అత్త చేపల పులుసు పెట్టింది. నన్ను ఒళ్ళె కూసోబెట్టుకొని ముండ్లు తీసి తినిపిచ్చింది.

తెల్లారి అత్త ఇంటికాడ ఉన్నది, మేము ముగ్గురం, మామ పడవెక్కినం. పడవల ఇంకా శానమంది ఉన్నరు. ముందుగాల మడ అడవి... చెట్ల ఏర్లు బురదలకెళ్ళి పైకి పొడుసుకచ్చినయి. ఒడ్డు మీద రెండు నీటికుక్కలు చేపను కొరుకుతున్నయి. తెల్లకొంగలు కొమ్మలకు పూలు పూసినట్టు కూసున్నయి. మామ ఒక్కొక్కటి సూపిచ్చుకుంట పేర్లు చెప్తున్నడు. గట్లనే పోయి పోయి సముద్రంల పడ్డం. ఎటు సూసినా నీళ్ళే...

అప్పుడు ఎగిరింది. నల్లగ, నున్నగ.

“బాపూ! గా దిక్కు సూడే! గదేందో ఎగిరింది! మల్ల మునిగింది!” అని గంతులేసుకుంట ఒర్రిన.

ఎనుక నల్లద్దాలు పెట్టుకున్న పెద్దమనిషొకాయన, “గా దిక్కు సూడే...!” అని నా లెక్కనే సాగదీసి అన్నడు. పడవంత నవ్వింది. “వీళ్ళకింకా భాషే రాలేదు, రాష్ట్రం కావాలట” అన్నడు. మల్ల నవ్విండ్రు.

నేను మామ మొఖం సూసిన. ఆయన ఏమన్న అంటడు అనుకున్న...

మామ గూడ నవ్వుతున్నడు.

బాపు సూసిండు. నా భుజం మీద చెయ్యేసి దగ్గరికి గుంజుకున్నడు.

జరసేపటికి ఇంకో డాల్ఫిన్ అచ్చింది. చెయ్యి సాపితె అందేంత దగ్గర. ఎండకు దాని ఈపు మెరుసుడు గూడ కనవడ్డది. అందరు అవుతలి దిక్కు తిరిగి ఉన్నరు, నేనొక్కదాన్నే సూసిన. ఎవ్వలకు చెప్పలే... బాపుకు గూడ చెప్పలే.

ఒడ్డుకు దిగినంక బాపు అడిగిండు.

“నువ్వు గూడ నవ్వినవు గదా, సత్తిబాబు...”

“అయ్యో బావా, ఏదో సరదాకి... పిల్ల మాటకి నవ్వొచ్చింది.”

“నా బిడ్డ చిన్నపిల్ల అని నవ్విండ్రా వాళ్ళు?”

మామకు గూడ రోషమచ్చింది. “రోజూ టీవీలో మీవాళ్ళు మమ్మల్ని దోపిడీదారులు, పొండి అంటూనే ఉన్నారు కదా. రూములో నీ పక్కనే కూర్చుని విన్నాను. ఒక్కరోజైనా అది తప్పన్నావా బావా నువ్వు?”

ఇద్దరు పెద్దమనుషులు బురద కాళ్ళతోని అట్లనే నిలవడ్డరు. అమ్మ నా చెయ్యి పట్టుకున్నది.

గా సాయంత్రమే బయలెల్లినం. అత్త కాజాల డబ్బ చేతుల పెట్టబోతె అమ్మ “వద్దు వదినె” అన్నది. ఏమైందో తెల్వక పాపం, అత్త వాకిట్లనే నిలవడ్డది...

దుబాయికి పోయినంక బాపు వేరే రూముకు మారిండు. తెలంగాణ అచ్చిన్నాడు ఊరంత రంగులు సల్లుకున్నం. ఫోన్ల బాపు గొంతు సంబురంగ ఉండె. “మామ ఏమంటున్నడే?” అని అడిగిన. “తెల్వది” అని ఫోను అమ్మకు ఇయ్యిమన్నడు.

ఇప్పుడు బాపు ఊర్లనే ఉంటున్నడు. నేను సిరిసిల్లల. పోయినేడు, దుబాయిల బాపుతోని పనిచేసిన ఒకాయనను అడిగి, మామ నంబరు సంపాయించి ఫోను చేసిన. అత్త ఎత్తింది. నన్ను గుర్తువట్టింది.

“ఆయన పోయి రెండేళ్ళు దాటిందమ్మా... మీ నాన్నగారికి కబురు పెడదామంటే ఎవరిని అడగాలో తెలియలేదు” అన్నది.

ఇంటికి పోయి చెప్పిన. బాపు మక్కకంకులు ఒలుస్తున్నడు. చేతులు ఆగినయి. “గా నవ్వు... గంత పెద్దదేం గాదు బిడ్డా” అన్నడు. మల్ల కంకి అందుకున్నడు... ఒలుస్తలేడు, ఊకె పట్టుకొని కూసున్నడు.

ఇప్పుడు మా మాటనే సినిమాలల్ల హీరోలు మాట్లాడుతున్నరు. నా బిడ్డ మాటకు ఎవ్వలు నవ్వుతలేరు. రాష్ట్రాలు రెండైనయి, ఎవలది వాళ్ళు ఏలుకుంటున్నరు. మంచిదే...

గా రోజులల్ల గిట్ల తెగిపోయిన దోస్తానీ మీ ఇండ్లల్ల గూడ ఏమన్న ఉన్నదా? ఉంటె చెప్పున్రి... మా బాపు ఒక్కడే గిట్ల పోగొట్టుకున్నడంటె నాకు మనసొప్పుతలేదు.