సిగ్మా వెంట ప్రొఫెసర్ గారు

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ఏళ్ల తరబడి లెక్కలు చెప్పి, గొంతు పోగొట్టుకుని రిటైరైన త్రినాథరావు గారికి జీవితంలో ఒక్కటే వెలితి. ఆయన దగ్గర చదివిన పిల్లలు యూనివర్సిటీల్లో చేరారు గానీ, ఆయనకు మాత్రం ఏ యూనివర్సిటీ ఉద్యోగమివ్వలేదు. అంతా రికమెండేషన్ల మహిమని భార్య లలితకుమారికి ఇప్పటికీ చెబుతూనే ఉంటారు. ఆవిడ పోపు వేయించుకుంటూ ఊఁ కొడుతుంది.

అల్మాస్‌గూడలో ఫ్లాట్ కొనుక్కుని, సిగ్మా అనే గోధుమరంగు లాబ్రడార్‌ను పెంచుకున్నాక ఆయన దశ తిరిగింది. నాదర్‌గుల్ వెళ్లే దారిలో ఒక ప్రైవేటు యూనివర్సిటీ ఉంది. బయటివాళ్లను చచ్చినా రానివ్వరు. ఒకరోజు సిగ్మా గొలుసు లాక్కుంటూ అక్కడిదాకా పోతే, కాపలా ఉన్న మల్లేశం మారుమాట్లాడకుండా గేటు తీశాడు. త్రినాథరావు గారు ముందు బిత్తరపోయారు, ఆ వెంటనే పొంగిపోయారు. ముఖంలో తేజస్సు చూసి ప్రొఫెసర్ అనుకున్నాడన్నమాట! అనుకోనీ, పాపం, వాడి తప్పేముంది?

ఇక చూడాలి ఆయన వైభోగం! ఇస్త్రీ చొక్కా, చంకలో ఎప్పుడూ తెరవని ఇంగ్లీషు పుస్తకం. లైబ్రరీ ముందు ఆగి తలపంకించేవారు. కిటికీలోంచి తొంగిచూసి బోర్డు మీది లెక్కకు పెదవి విరిచేవారు. పిల్లలెవరైనా 'గుడ్మార్నింగ్ సార్' అన్నారంటే ఆ పూట ఇంట్లో కాఫీ కూడా ఇంగ్లీషులోనే అడిగేవారు. సిగ్మా మాత్రం రోజూ పరిపాలనా భవనం స్తంభానికి కాలెత్తేది. ఆ ఒక్క విషయంలో ఆయన దాన్ని మందలించేవారు కాదు.

అక్కడితో ఆగితే బాగుండేది. కాలనీ సంఘం ఎన్నికలొచ్చాయి. ప్రెసిడెంటు పదవికి నిలబడ్డ త్రినాథరావు గారు, "నన్ను గెలిపిస్తే మీ అందరికీ క్యాంపస్‌లో వాకింగ్ పర్మిషన్ ఇప్పిస్తానండీ. అక్కడ నా మాటకు తిరుగులేదు" అనేశారు.

పోటీలో ఉన్న దశరథ ఊరుకుంటాడా? "గెలుసుడు తర్వాత సంగతి సార్. రేపు పొద్దుగాల మమ్మల్ని లోపలికి తోల్కపో. నేను గూడ నీకే ఓటేస్త" అన్నాడు.

తెల్లారి కాలనీ సగం ఆయన వెనకే నడిచింది. సిగ్మాను చూసి మల్లేశం గేటు తీశాడు. త్రినాథరావు గారు లోపలికి అడుగుపెట్టి, రండి రండి అని దర్జాగా చెయ్యూపారు. మిగతావాళ్ల మొహాన గేటు పడింది.

"వీళ్లంతా నా మనుషులేనయ్యా!"

మల్లేశం ఆయన్ని ఎగాదిగా చూశాడు. "ఏంది పెద్దాయనా, పరాచికాలా? రిజిస్ట్రార్ మేడమ్ కుక్కను తిప్పెటోనివని నిన్ను ఇడుస్తున్న. గీ మందినంత ఎందుకు తెచ్చినవ్?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. త్రినాథరావు గారికి అవమానంతో ఒళ్లు మండిపోయింది. "ఇది నా కుక్క! నేను లెక్కల లెక్చరర్ని!" అని అరిచారు.

"మేడమింట్ల గూడ గిసొంటిదే ఉన్నది మరి. నీదైతే నువ్వు గూడ బయటికి నడువు" అన్నాడు మల్లేశం తాపీగా.

దశరథ ఆయన భుజం మీద చెయ్యేశాడు. "తిప్పెటోన్నే అని ఒప్పుకో సార్. జర మేడమ్‌కు చెప్పి మాక్కూడా తలొక కుక్కను ఇప్పియ్యి."

ఎన్నికల్లో ఏమైందో వేరే చెప్పాలా?

ఆ తర్వాత కొన్నాళ్లు సిగ్మా షికారు లారీల మధ్య రోడ్డు మీదే సాగింది. త్రినాథరావు గారికి అన్నం సహించలేదు. పదవి దక్కని బాధ రెండు రోజుల్లో పోయింది గానీ, ఆ 'గుడ్మార్నింగ్ సార్' లేకుండా ఉండలేకపోయారు. చివరికి ఒక పొద్దున నలిగిన చొక్కాతో, పుస్తకం లేకుండా గేటు ముందు నిలబడ్డారు.

"మొన్న కాలనీవాళ్ల ముందు పరువు పోతుందని అలా అన్నాను బాబూ. మేడమ్ గారి కుక్కే ఇది."

మల్లేశం నవ్వి గేటు తీశాడు. "గా ముక్క ఆ రోజే చెప్పొద్దా? పని చేసుకునెతందుకు సిగ్గెందుకు?"

త్రినాథరావు గారు తల వంచుకుని లోపలికి నడిచారు. లైబ్రరీ మలుపు తిరిగాక, మల్లేశానికి కనబడనని రూఢి చేసుకుని, తలెత్తారు.