రెక్కల్లో పోసిన కారు పెట్రోలు

ఇప్పుడు చెప్పబోయేదంతా అక్షరాలా నిజమని నా రెండు కళ్ళ మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. నన్నెరిగిన స్నేహితులు ఈ మాట చదివి నవ్వుకుంటారని తెలుసు. ఎదురుగా ఎవరి తల కనిపిస్తే దాని మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసేసిన రోజులు నాకున్నాయి. అందుకే ఈసారి సొంత కళ్ళనే పందెం ఒడ్డాను.

మొన్న హోసూరు రోడ్డులో పెట్రోలు బంకు దగ్గర స్కూటరు ఆపితే, నా ముందున్న పెద్దమనిషి పెట్రోలు కల్తీదని గొడవపడుతూ, కాస్త గాజు సీసాలో పట్టించి ఎండకెత్తి ఊపి చూస్తున్నాడు. ఆ సీసా చూడగానే నా చెవులు వేడెక్కాయి. జుట్టు నెరిసిన మనిషిని, ఎవరూ పల్లెత్తు మాట అనకపోయినా, అక్కడ నిలబడలేక పెట్రోలు పోయించుకోకుండానే స్కూటరు తిప్పుకుని వచ్చేశాను.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తల్లో మిలిటరీ వాళ్ళు వదిలేసిన సామాను బెంగళూరులో గుట్టలు పోసి వేలం వేయడం మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఊరంతా కంబళ్ళు, బూట్లు, నీళ్ళ డబ్బాలు తెచ్చుకుంటుంటే, విమానాల కార్ఖానాలో మెకానిక్కుగా ఉన్న మా బావ, అంటే అక్క భర్త, ఎడ్లబండి మీద ఒక పాత విమానం ఇంజను తెచ్చి ఇంటి ముందు దించాడు. అక్క దాన్ని చుట్టూ తిరిగి చూసి, "పొయ్యి మీదికి వస్తుందా ఇది?" అని అడిగి లోపలికి వెళ్ళిపోయింది గానీ, తరువాత బావ కర్రతో రెక్కలు చేస్తే వాటికి గుడ్డ కుట్టింది ఆవిడే. బొమ్మసంద్ర అవతల ఒక బంధువు పొలంలో రేకుల షెడ్డు వేసుకుని, ఆదివారాలన్నీ అక్కడే గడిపి, బావా నేనూ కలిసి ఒక మనిషి పట్టే చిన్న విమానం తయారు చేశాం. నాకప్పుడే ఒక మోటారు గ్యారేజీలో ఉద్యోగం కుదిరింది. పెట్రోలు సంపాదించే పని సహజంగానే నాది.

విమానాల పెట్రోలు మాలాంటి వాళ్ళకు దొరికేది కాదు. అయినా ఆ ఇంజను పాతకాలపుది, కారు పెట్రోలుతోనే హాయిగా నడిచేది. దానికి బావ పాటించే జాగ్రత్తలు మాత్రం అంతా ఇంతా కాదు. పెట్రోలును వదిలి నీటి చుక్కను పట్టేసే మెత్తటి తోలులో వడపోసేవాడు. పోసేటప్పుడు నిప్పురవ్వ పుట్టకుండా డబ్బాకీ విమానానికీ తీగ కట్టేవాడు. రెక్కల్లోని ట్యాంకులు ఎండకు కాగితే పెట్రోలు గొట్టంలోనే ఆవిరై ఇంజనుకు అందదని చివరి నిమిషం దాకా విమానాన్ని నీడలోనే ఉంచేవాడు.

అన్నిటికంటే పెద్ద జాగ్రత్త సీసా. దాని సంగతి చెప్పాలంటే ముందు లక్క సంగతి చెప్పాలి. మాది పేటలో లక్కగాజుల దుకాణం. కుండ కారినా, కత్తి పిడి ఊడినా, నాన్న కళ్ళజోడు విరిగినా మా ఇంట్లో అన్నిటికీ మందు లక్కే. మా ఇంటి అల్లుడైన పాపానికి బావకూ ఆ అలవాటు అంటుకుని, రేకు ట్యాంకుల అతుకులన్నిటికీ లోపల లక్క పూత పూశాడు. పెట్రోలు లక్కను ఏమీ చేయదు. స్పిరిటైతే ఇట్టే కరిగించేస్తుంది. ఆ కరువు రోజుల్లో కొన్ని బంకుల్లో చెరుకు మడ్డి నుంచి తీసిన స్పిరిటును పెట్రోల్లో కలిపి అమ్మేవాళ్ళు. కార్లకు అది చెల్లిపోయేది, మా ట్యాంకులకు చెల్లదు. అందుకని సీసాలో కొన్ని నీళ్ళు పోసి, మట్టం దగ్గర గీత పెట్టి, పైన పెట్రోలు పోసి ఊపాలి. మంచి పెట్రోలైతే నీళ్ళు తేరుకుని మళ్ళీ గీత దగ్గరే నిలుస్తాయి. స్పిరిటుంటే అది నీళ్ళలోకి దిగి, మట్టం గీత దాటి పైకి వస్తుంది. ఊపడానికీ తేరుకోవడానికీ కలిపి ఒక బీడీ కాల్చినంత సేపు పట్టదు.

విమానం మొదటిసారి ఎగరాల్సిన రోజున మేము ఎప్పుడూ తెచ్చుకునే బంకులో సరుకు లేక, నేను వేరే బంకు నుంచి డబ్బాలు తెచ్చాను. పొలం దగ్గర జనం పోగయ్యారు. ఆనేకల్ నుంచి వచ్చిన నేతగాళ్ళు నలుగురు నన్ను చుట్టుకుంటే, జనాన్ని చూసి ఆగే నోరా నాది? కిందటి వారమే నేను దీన్ని హోసూరు దాకా నడిపానని, మేఘంలోకి చెయ్యి పెడితే చొక్కా తడిసిపోయిందని మొదలుపెట్టాను. వాళ్ళలో ఒక ముసలాయన, "అంత దూరం పోయినోడివి, మా మగ్గం కాడికి రెండు మూరల మేఘం కోసుకొస్తే ఏంపోయెనప్పా?" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. సరిగ్గా అప్పుడు రెక్క మీద గరాటు పట్టుకుని నిలబడ్డ బావ కేక వేశాడు.

"సీసా చూసినావా అప్పా?"

"చూసినా బావా! నీళ్ళు గీత కాడే ఉండాయి, వెంట్రుకంత కూడా కదల్లే!"

సీసా నా సంచిలో పొడిగా ఉంది.

అక్కకు నా సంగతి తెలుసు. దగ్గరికొచ్చి మెల్లిగా, "నిజంగానే చూసినావా, సుమ్మనే అంటాండావా?" అని అడిగింది. జనంలో చిన్నబోతానని, "నీ మీద ఒట్టక్కా" అన్నాను. ఆవిడ వెనక్కి వెళ్ళి నిలబడింది.

గాలి అనుకూలించక మధ్యాహ్నం దాకా ఆగాల్సి వచ్చింది. అంతసేపూ నీడలో చల్లగా నిలబడిన ఆ ట్యాంకుల్లో ఏం జరుగుతోందో లక్క కాచుతూ పెరిగిన నాకు తెలియాలి. నేను అప్పటికి నేతగాళ్ళకు రెండో కోతల కథ చెబుతున్నాను. బావ ఎక్కాక విమానం లేచింది. లేచిందంటే అబద్ధం కాదు, తాటిచెట్టంత ఎత్తు లేచి, రాగిచేల మీదికి తిరిగి, రెండుసార్లు దగ్గి, చప్పుడు ఆగిపోయింది. నాకిప్పటికీ వినిపించేది ఆ నిశ్శబ్దమే. బావ పెట్రోలు కుళాయి కట్టేసి చేలో దించాడు గనుక నిప్పు అంటుకోలేదు. గట్టు తగిలి రెక్క విరిగింది, ఆయన కాలు విరిగింది. అక్క చెప్పులు వదిలేసి పరుగెత్తింది.

జనంతో పాటు చూడవచ్చిన నాన్న, ఇంజనుకు పెట్రోలు వెళ్ళే దారిలోని వడపోత గిన్నె విప్పి, అందులోని ఎర్రటి జిగురును వేళ్ళ మధ్య రుద్ది, "ఇది మన లక్కే కదప్పా" అన్నాడు.

తరువాత ఆసుపత్రిలో బావ మంచం పక్కన కూర్చుని, కట్టు లేని కాలు పట్టుకుని, సీసా ఊపలేదని చెప్పేసి ఏడ్చాను. ఆయన నా తల నిమిరి, "పోనీలేప్పా, పైకి పోయేది నేనయితే చూసుకోవాల్సింది కూడా నేనే కదా" అన్నాడు.

ఆ రాగిచేలలో ఇప్పుడు ఫ్యాక్టరీల గోడలు లేస్తున్నాయి. నెత్తిమీద పెద్ద విమానాలు పోతుంటే తలెత్తి చూసేవాడు లేడు. వాటిలో పోసే ఇంధనాన్ని ఎంతమంది ఎన్నిసార్లు పరీక్షిస్తారో, ఎన్ని సంతకాలు పడతాయో గానీ, "చూసినావా అప్పా" అని ఒక మనిషి రెక్క మీద నుంచి కేకేసి, ఇంకో మనిషి మాట మీద ప్రాణం పెట్టి ఎగిరే కాలం మాత్రం పోయింది. పోవడమే మంచిదేమో. అలాంటి కాలానికి నాలాంటివాడు తగడు.

ఇక కళ్ళ మీద ప్రమాణం చేశాను గనుక ఇందులో నేను కల్పించిందేదో చెప్పాలి. ఆసుపత్రి ముచ్చట కల్పించాను. అక్కడికి వెళ్ళిన మాట నిజమే. బావ, "పెట్రోలు మంచిదే కదా, మరి లక్క ఎట్ల కరిగె?" అని అడిగాడు. "నీళ్ళు గీత కాడే ఉండె బావా" అని రెండోసారి కూడా అన్నాను. ఆయన, అయితే పూత పూయడం తనకే చేతకాలేదన్నాడు. ఇంజనును పాతసామాను వాడికి ఇచ్చేశాడు, మళ్ళీ ఏదీ కట్టలేదు. పోయేదాకా తన చేతిదే తప్పనుకున్నాడు. అక్క ఇప్పటికీ అలాగే అనుకుంటోంది.