నాలుగున్నర తర్వాత

మండపేట దగ్గర ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో నేను ఫిజిక్స్ చెబుతాను. ఏటా వేసవి సెలవుల చివర్లో మాకొక పని ఉంటుంది. టెన్త్ పాసైన పిల్లల ఇళ్ళకి వెళ్ళి, మా కాలేజీలో చేరమని అడగాలి. ప్రైవేటు కాలేజీల వాళ్ళు ఆ ఇళ్ళకి పరీక్షలకి ముందే రెండు మూడుసార్లు వచ్చి వెళ్ళి ఉంటారు. మేము ఎప్పుడూ ఆఖరునే.

ఆ ఏడాది మా అమ్మాయి కూడా టెన్త్ రాసింది. ఫలితాలు రాకముందే దానికి రాజమండ్రిలో ఒక ప్రైవేటు కాలేజీ హాస్టల్లో సీటు ఖాయం చేసేశాం. అది మా ఆయన ఒక్కరి నిర్ణయం కాదు. నేనూ వెళ్ళి, క్లాసు గదులు చూసి, సంతకం పెట్టి వచ్చాను.

మే నెలాఖరులో మా బోటనీ మాస్టారితో కలిసి రైసు మిల్లుల వెనక వీధిలో తిరుగుతున్నాను. ఒక ఇంట్లో ఆవిడ అప్పుడే మిల్లులో పని దిగి వచ్చినట్టుంది, జుట్టు నిండా తవుడు. వాళ్ళమ్మాయి స్కూలు ఫస్టు. ఆవిడ మాకు కుర్చీలు వేసి, మంచినీళ్ళిచ్చి, మాస్టారు చెప్పేది శ్రద్ధగా వింది. ఫీజు లేదని, పుస్తకాలు ఇస్తామని, మేమందరం పీజీలు చదివినవాళ్ళమని ఆయన చెప్పారు. అంతా విని ఆవిడ నావైపు తిరిగింది.

"మీకు పిల్లలున్నారాండి, మేడం గారూ?"

"ఒక్కతే అమ్మాయి. దానికీ ఈ ఏడే టెన్త్ అయింది."

"ఎక్కడ చేర్చారండి?"

మాస్టారు అందుకోబోయారు. "అది వేరే సంగతిలేమ్మా..."

"రాజమండ్రిలో, ప్రైవేటు కాలేజీలో," అన్నాను.

ఆవిడ కోప్పడలేదు, వెటకారంగా నవ్వలేదు. "మీ దగ్గర లేనిది అక్కడ ఏముందండి?" అంది. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

ఉన్నమాటే చెప్పాను. "పాఠం మేమూ బాగానే చెబుతామమ్మా. అక్కడ పాఠం అయ్యాక కూర్చోబెట్టి చదివిస్తారు, రోజూ పరీక్ష పెడతారు. మా దగ్గర నాలుగున్నరకి గేటు వేసేస్తారు."

"నాలుగున్నర తర్వాత మీరెక్కడుంటారండి?"

"ఇంట్లోనే."

"ఆయ్. మా పిల్లా ఇంట్లోనే ఉంటాదండి."

గుమ్మం పక్కన నిలబడ్డ పిల్ల వాళ్ళమ్మ మాటకి తల వంచుకుంది.

"పంపించండమ్మా. ఆరున్నర దాకా నేను కూర్చుంటాను," అన్నాను.

వీధి మలుపు తిరిగాక మాస్టారు, "ఎందుకండీ మాటిచ్చేశారు? రెండేళ్ళండి!" అన్నారు. ఆయన అన్నది నిజమే. ఆ మాట నా నోటి నుంచి పెద్ద మనసుతో రాలేదు, సిగ్గుతో వచ్చింది. మా అమ్మాయిని ఎక్కడ చేర్చాలా అని ఇంట్లో నెలల తరబడి మాట్లాడుకున్నాం. ఒక్కసారి కూడా మా కాలేజీ పేరు ఎవరి నోటా రాలేదు. నా నోటా రాలేదు.

ప్రిన్సిపాల్ గారు వాచ్‌మన్‌కి చెప్పి ఒక గది తెరిపించి ఉంచారు. మొదట్లో ఆ పిల్ల ఒక్కతే వచ్చేది. దసరా నాటికి ఏడుగురయ్యారు. కరెంటు పోతే వరండాలోకి వచ్చి కూర్చునేవాళ్ళం. కొన్నిరోజులు ఒంట్లో ఓపిక లేక పిల్లల మీద ఊరికే విసుక్కున్నాను. ఇంటికి చేరేసరికి ఏడయ్యేది. మా ఆయన అన్నం వండడం అప్పుడే నేర్చుకున్నారు.

దసరా సెలవులకి అమ్మాయి ఇంటికొచ్చింది. మా కాలేజీకీ సెలవులే అయినా, ఆ ఏడుగురికీ మధ్యలో రెండు రోజులు రమ్మని చెప్పాను. ఒక సాయంత్రం మా అమ్మాయి కూడా నాతో వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. తిరిగొస్తుంటే స్కూటీ వెనక నుంచి అడిగింది.

"నాకెప్పుడూ ఇలా కూర్చోబెట్టి చెప్పలేదేంటమ్మా?"

కాలవ గట్టున బండి ఆపాను. వెనక్కి తిరిగి, "వచ్చేస్తావా? మార్పించేస్తాను," అన్నాను.

అది నీళ్ళకేసి చూస్తూ ఆలోచించింది. "వద్దులే. అక్కడ ఫ్రెండ్సున్నారు. టెస్టులు కూడా అలవాటైపోయాయి. ఆదివారం ఫోనిస్తారు కదా, అప్పుడు డౌట్లు అడుగుతాను."

చెప్పినట్టే అడిగేది. హాస్టల్లో ఫోను ఇచ్చేది పది నిమిషాలు. ముందు మెస్సులో కూరల మీద కంప్లైంట్లు, ఆ తర్వాత లెక్క. సగంలో లైను కట్టయితే, మిగతా సగం మళ్ళీ ఆదివారం దాకా ఆగేది.

రెండేళ్ళకి మా అమ్మాయీ, మిల్లు వీధి పిల్లా ఇద్దరూ ఇంటర్ పాసయ్యారు. మార్కులు మా అమ్మాయికే ఎక్కువ వచ్చాయి, ఇంజనీరింగులో చేరింది. ఆ పిల్ల రాజమండ్రిలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చేరి ఫిజిక్స్ తీసుకుంది. ఆ పిల్లని అక్కడా, మా అమ్మాయిని ఇక్కడా చేర్చి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ప్రైవేటులో చేర్చడం తప్పని ఇప్పటికీ అనను.

సాయంత్రం క్లాసు నడుస్తూనే ఉంది. ఈ ఏడాది పిల్లలు ఎక్కువయ్యారని మంగళ, గురువారాలు బోటనీ మాస్టారు కూర్చుంటున్నారు. ఆ రెండు రోజులూ నేను చీకటి పడకముందే ఇల్లు చేరుతున్నాను.