తబిత చెప్పిన సాక్ష్యం

మా తబిత నోట్లో నువ్వుగింజ నానదు. అమీర్‌పేట మార్కెట్లో ఎవడైనా తూకంలో మోసం చేశాడా, నలుగురూ వినేట్టు కడిగిపారేస్తుంది. అలాంటిది ఈ వేసవంతా మూతి ముడుచుకుని తిరిగింది. చూసి చూసి నాకే ఒళ్లు మండింది.

మధురానగర్‌లో అరుణాదేవి మేడమ్ ఇంట్లో వంట తనదే. మొగుడు పోయాక ఆ ఇంటి వెనక గదిలోనే ఉంటోంది. మేడమ్ వ్యవసాయ శాస్త్రవేత్త, ఒంటరి మనిషి. ఎన్నో దేశాలు కలిసి నడిపే ఒక ఆహార, వ్యవసాయ సంస్థకు అధిపతి కావాలని పోటీలో నిలబడింది. గెలిస్తే మకాం విదేశానికి, ఇక్కడ ఇంటికి తాళం. అంటే తబితకు పనీ పోతుంది, గదీ పోతుంది. పైగా మేడమే అడిగిందట, “తబితా, మీ ప్రార్థనలో నా పేరు కూడా చెప్పు” అని.

శుక్రవారం ఉపవాస ప్రార్థన పంజాగుట్టలో మా ఇంట్లోనే. ఆడవాళ్లం ఒక్కొక్కరం మనవులు చెప్పుకుంటాం. తన వంతు రాగానే తబిత కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది.

“అక్కా, మా మేడమ్ గెల్వాలె. గెలిచి సుత ఈడనే ఉండాలె.”

అందరూ పకపకా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. “ఏందే, దేవునికే మెలిక పెడ్తున్నవా? నా సంగతేందని పోయి మేడమ్‌నే అడుగరాదు?”

“ఎట్లడుగుత అక్కా? ఆమె గంత పెద్ద పనికి పోతుంటే నా గది ముచ్చట తీయాల్నా?”

దేవుణ్ణి ఏం అడగాలో తెలియక “ప్రభువా, నీ చిత్తమే జరగనీ” అని ముగించాం.

మేడమ్ ఓడిపోయింది. తబిత ఫోన్లో ఒకటే ఏడుపు. “నా నోటితోనే చెడగొట్టిన అక్కా.”

“నీ నోటికి అంత బలముంటే టమాటా ధర ఎప్పుడో దిగేది, ఊకో” అన్నాను.

తర్వాతి శుక్రవారం గుమ్మంలో తబిత, వెనకే మేడమ్! ప్రార్థించినందుకు మాకు కృతజ్ఞత చెప్పాలని వచ్చిందట. చాప మీద మా పక్కనే కూర్చుంది. దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల సమయం రాగానే మా తబిత ఉండబట్టలేక లేచింది. నేను ఎంత సైగ చేసినా చూడదే!

“మా మేడమ్ ఓడిపోయింది. దేవునికి స్తోత్రం!”

ఎప్పుడూ వెంటనే ‘స్తోత్రం’ అని అందుకునే మేం ఒక్కరమూ అందుకోలేదు. తబిత నాలుక కరుచుకుంది. ఇక దాచేదేముందని మొత్తం చెప్పేసింది. “మీరు పోతే నేనేడికి పోవాలె మేడమ్? గందుకే మీరు గెల్వాలెనని మనసార అడగలె.”

మేడమ్ తబిత వైపు తిరిగింది. “ఓట్ల కోసం ఎన్ని దేశాలు తిరిగానో. నేను పోతే నీ సంగతేంటని మాత్రం నిన్ను అడగలేదు” అంది. తబిత చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టుకుంది.

“ఓడిపోయానని వినగానే, మన ఇల్లు విడిచి పోనక్కర్లేదని నాకూ ప్రాణం లేచొచ్చింది తబితా. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు.”

కళ్లు తుడుచుకుని ఈసారి మేడమే అంది, “స్తోత్రం!”

మేమందరం గట్టిగా అందుకున్నాం.