బోనెక్కిన సేల్స్‌మన్

మా ఆయన సికింద్రాబాద్ రాంగోపాల్‌పేటలో ఒక చీరల దుకాణంలో పెళ్లికి ముందు నుంచీ సేల్స్‌మన్. అక్కడ ఒకటే నియమం: కొనడానికి వచ్చిన గిరాకీ ఏమన్నా కాదనకూడదు. ఎర్ర చీరను ఆవిడ గులాబీ రంగంటే గులాబీయే. "అవునమ్మా, మంచిగ చెప్పిన్రు" అనాలి. ఆ లోటంతా ఇంట్లో నాతో తీర్చుకునేవాడు. నేను ఏమన్నా పేచీయే.

ఒకరోజు ఆయన అల్వాల్‌లో రోడ్డు దాటుతుంటే కారు గుద్దింది. తలకు ఆపరేషన్ చేశారు. కుట్లు మానాయి, జుట్టు మొలిచింది, చూడటానికి పెళ్లికొడుకులా ఉన్నాడు. కానీ అన్నం తిని, చేయి కడుక్కుని వచ్చి, వంట కాలేదా అని అడుగుతాడు. కూరగాయలకు పంపితే ఇల్లు ఎటో తెలియక వీధి చివర నిలబడిపోతాడు. నాతో పేచీ పెట్టడం కూడా మానేశాడు. నాకు అన్నిటికన్నా అదే భయం వేసింది. షావుకారు మర్యాదగానే పనిలోంచి తీసేశాడు.

నష్టపరిహారం కోసం కేసు వేశాం. విరిగిన కాలైతే చూపించవచ్చు, దీన్ని ఎలా చూపించను? డాక్టరు కాగితం ఒక్కటే చాలదని, జడ్జిగారు కళ్లారా చూస్తే తెలుస్తుందని మా వకీలు ఆయన్ను బోనెక్కించాడు.

ఇన్సూరెన్స్ వాళ్ల వకీలు ఎంతో మెత్తగా అడిగాడు.

"ఇప్పుడు ఆరోగ్యం బాగానే ఉంది కదండీ?"

మా ఆయన రెండు చేతులూ జోడించాడు. "అవును సార్, మంచిగున్న."

"దుకాణంలో పని చేసుకోగలరు కదా?"

"తప్పకుండ సార్. మీరెట్లంటె గట్లనే."

కోర్టులో ఎవరో నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. లేచి, "మిమ్మల్ని గిరాకీ అనుకుంటున్నడు సార్!" అని అరిచాను. కూర్చోమన్నారు.

కొన్నాళ్లకు తీర్పు వచ్చింది. ఆస్పత్రి ఖర్చులు ఇస్తారట. మనిషి పని చేసుకోగలడు కనుక పోయిన జీతానికి ఏమీ లేదట. పైకోర్టుకు పోదామన్నాడు మా వకీలు. బోనులో ఆయన అన్న మాటలన్నీ రాసుకున్నారు, పైవాళ్లు చదివేదీ అవే కదా. నాకిక ఓపిక లేదు.

తిరిగి వస్తూ ఆటోలో ఏడుస్తుంటే మా ఆయన కంగారుపడ్డాడు.

"ఏమైందే, ఎందుకేడుస్తున్నవ్?"

"కారు కింద పడ్డాయనకు నయమైందని కోర్టుల చెప్పిన్రు. మల్ల పని చేసుకుంటడట."

ఆయన ముఖం విప్పారింది.

"గట్లనా? మంచిగైంది. ఆయన పెండ్లాం ఎంత ఖుషీ అయ్యుంటదో!"